సూర్యుడు కదలని లోకమున కథలు

ఏ జాతి కథలనైనను తరచి చూచినచో వాని అడుగున ఆ జాతి తలపైనున్న ఆకాశము కానవచ్చును. పగలు రాత్రిని తరుముట, చంద్రుడు క్షీణించి మరల నిండుట, వేగుచుక్క తెల్లవారుజామున తూర్పున వెలిగి, కొన్ని వారములు కనుమరుగై, పిదప సాయంసంధ్యలో పడమట ప్రత్యక్షమగుట, ఇవన్నియు మొదట మానవుని కంటబడిన సంగతులు. దేవతలు, దానవులు, శాపములు, వరములు ఆ సంగతులను మరువకుండుటకై తరువాత అల్లబడినవి. లిపి లేని కాలమున ఒక పరిశీలనను నూరు తరముల వరకు పదిలపరచుటకు కథను మించిన సాధనము మానవునికి లభింపలేదు.

దృష్టాంతములకై దూరము పోనక్కరలేదు. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినపుడు గోదావరికి, కన్యారాశిలో ప్రవేశించినపుడు కృష్ణకు పుష్కరము వచ్చునని మన పంచాంగములు చెప్పుచున్నవి. ఆ గ్రహము సూర్యుని ఒకమారు చుట్టివచ్చుటకు పట్టుకాలము 11.86 సంవత్సరములు గనుక, పండ్రెండేండ్లకొకమారు నదిలో మునిగిలేచు లక్షలాది జనులు తామెరుగకయే ఒక గ్రహముయొక్క పరిభ్రమణకాలమును తరతరములుగా లెక్కించుచున్నారు. దక్షప్రజాపతి కుమార్తెలను ఇరువదియేడుగురను చంద్రుడు పెండ్లియాడెననియు, వారిలో రోహిణియందే మక్కువ చూపి మామగారి శాపమున క్షయము నొందెననియు చెప్పు పురాణగాథలో, చంద్రుడు దినమునకొక నక్షత్రము చొప్పున 27 దినములకు పైచిలుకు కాలమున ఆకాశమును చుట్టివచ్చుటయు, పక్షము పెరిగి పక్షము తరుగుటయు ఇమిడియున్నవి. గ్రహణములు నీడలవలన కలుగునని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటికే స్పష్టముగా చెప్పెను. అయినను రాహుకేతువులు మన లెక్కలనుండి తొలగిపోలేదు, ఏలయన చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు రెండు బిందువులకు ఆ పేర్లే జ్యోతిర్గణితమున స్థిరపడినవి. కథయు గణితమును ఒకే చూపునుండి పుట్టినవనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

ఇది నిజమైనచో మరియొక ప్రశ్న సహజముగా ఉదయించును. మన ఆకాశమే కాక వేరొక ఆకాశము క్రింద, చంద్రుడు లేనిచోట, సూర్యుడు ఉదయింపక అస్తమింపక ఒకే తావున నిలిచియుండుచోట, ఆలోచించు ప్రాణులున్నచో వారి కథలెట్లుండును? ఇది వట్టి ఊహాగానమని త్రోసివేయవచ్చును. కాని ఒక గ్రహముయొక్క పరిమాణము, ద్రవ్యరాశి, కక్ష్య, దాని ఇరుగుపొరుగు గ్రహముల గమనము తెలిసినపుడు, దానిపై నిలిచి చూచువానికి ఆకాశమెట్లు కనబడునో లెక్కగట్టి చెప్పవచ్చును. ఆకాశమెట్టిదో తెలిసినపుడు కథల చట్రము సగము తెలిసినట్లే. కథ కట్టుటకు ముందు లెక్క కట్టవలెనను నియమమొక్కటి పాటించినచో, ఈ ఊహ కాలక్షేపము కాదు, అదియొక విధమైన విజ్ఞానసాధన.

ఈ మార్గమున మొదట నడచిన మహనీయుడు జోహాన్ కెప్లర్. గ్రహకక్ష్యలు దీర్ఘవృత్తములని కనుగొన్న ఆ గణితవేత్తయే ‘సోమ్నియం’, అనగా స్వప్నము, అను పేరుతో లాటిను భాషలో ఒక వింత కథను రచించెను. ఆయన 1630లో మరణించిన పిమ్మట నాలుగేండ్లకు, 1634లో, అది అచ్చుపడెను. అందలి దేశము చంద్రలోకము. చంద్రుడు ఎల్లప్పుడు ఒకే ముఖమును భూమివైపు త్రిప్పియుండును గనుక, చంద్రుని ఒక అర్ధగోళమున నివసించువారికి భూమి ఆకసమున నిరంతరము వ్రేలాడుచు కనబడుననియు, రెండవ అర్ధగోళమువారికి అది యావజ్జీవము కానరాదనియు కెప్లర్ గ్రహించెను. అందుచే అతడు చంద్రలోకమున రెండు జాతులను కల్పించెను. తమ చుక్కాని వలె భూమిని నమ్ముకొని బ్రతుకువారొకరు, దానినెరుగనివారొకరు. కథ చిన్నది, దానికి ఆయన వ్రాసికొన్న వివరణలు రెండువందలకు మించినవి. ప్రతి కల్పన వెనుకను ఒక లెక్క యుండవలెనని ఆయన పట్టుబట్టెననుటకు ఆ వివరణలే నిదర్శనము.

కెప్లర్‌కు చంద్రుడొక్కడే అందెను. మనకు నేడు సౌరకుటుంబమునకు వెలుపల ఆరువేలకు పైగా గ్రహములు తెలిసినవి. సూర్యునివంటి నక్షత్రమును చుట్టు పరగ్రహమును 1995లో మిషెల్ మాయర్, డిడియే క్వెలోజ్ అను స్విస్ శాస్త్రజ్ఞులు మొదటిసారి కనుగొని, ఆ కృషికి 2019లో నోబెల్ బహుమానము పొందిరి. అటుపిమ్మట కనబడిన లోకములలో కథకుని మనస్సును అన్నిటికంటె బలముగా ఆకర్షింపదగినవి కుంభరాశి దిక్కున, మనకు సుమారు 41 కాంతిసంవత్సరముల దూరమున ఉన్నవి. అచట ట్రాపిస్టు-1 అను నక్షత్రమును ఏడు గ్రహములు చుట్టుచున్నవి.

బెల్జియము దేశమందలి లీయేజ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మిఖాయేల్ గియోన్ నాయకత్వమున శాస్త్రజ్ఞులు, చిలీ దేశములోని లా సియా పర్వతముపై కేవలము 60 సెంటీమీటర్ల దర్పణము గల చిన్న దూరదర్శినితో ఈ నక్షత్రమును కనిపెట్టి చూచిరి. గ్రహమేదైనను మనకును నక్షత్రమునకును నడుమగా సాగినపుడు నక్షత్రకాంతి రవ్వంత తగ్గును. ఆ తగ్గుదల నియమితకాలమున మరల మరల కానవచ్చినచో అచట గ్రహమున్నట్లే. 2016లో మూడు గ్రహములు ప్రకటింపబడినవి. పిదప స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శిని దాదాపు మూడు వారములపాటు దానివైపే చూచుచుండగా, 2017 ఫిబ్రవరిలో ఏడు గ్రహములున్నట్లు లోకమునకు తెలిసినది. నక్షత్రమునుండి గల దూరపు వరుసను బట్టి వానికి బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అను అక్షరములే పేర్లు. ఏడును పరిమాణమున భూమికి దగ్గరివే. వానిలో నాలుగవదియగు ‘ఇ’ అను గ్రహమును మనము కథాస్థలముగా ఎన్నుకొందము.

ముందుగా దాని సూర్యుని సంగతి. ట్రాపిస్టు-1 అతిశీతలమైన అరుణ కుబ్జతార. వ్యాసమున మన సూర్యునిలో ఎనిమిదవ వంతు, ద్రవ్యరాశిలో పదకొండవ వంతు మాత్రమే. మన సూర్యుని ఉపరితలమున వేడి సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్ కాగా దానిది సుమారు 2,300 డిగ్రీలు. ఆ నక్షత్రము వెలువరించు శక్తిలో అధికభాగము మన కంటికి కానరాని పరారుణ కిరణముల రూపమున నుండును. ఇంత బలహీనమైన నిప్పుచెంత వెచ్చదనము పొందవలెనన్నచో మిక్కిలి సమీపమునకు జరుగవలెను. ‘ఇ’ గ్రహము తన నక్షత్రమునకు సుమారు 44 లక్షల కిలోమీటర్ల దూరమున మాత్రమే తిరుగుచున్నది. భూమికిని సూర్యునికిని గల దూరము 15 కోట్ల కిలోమీటర్లు. ఆ సామీప్యమువలన అచటి సూర్యబింబము మన సూర్యబింబముకంటె నాలుగురెట్లు వెడల్పుగా కనబడును. ఒడలికి తగులు వేడిమి మన ఎండలో మూడింట రెండువంతులుండును; కాని మన కన్నులవంటి కన్నులకు అచటి మధ్యాహ్నము, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మిగులు ఎరుపు వెలుగువలె తోచును. అచటనే పుట్టి పెరిగిన ప్రాణికి మాత్రము ఆ వెలుతురే నిండుపగలు కావచ్చును, ఏలయన దాని కన్ను తన సూర్యుని కిరణములకు తగినట్లే ఏర్పడియుండును. అట్టి వెలుగును వీలైనంతవరకు పీల్చుకొనవలసిన మొక్కల ఆకులు నల్లగా నుండవచ్చునని ఊహించిన శాస్త్రజ్ఞులును కలరు.

గ్రహము పరిమాణము భూమిలో 0.92 వంతు, ద్రవ్యరాశి 0.69 వంతు. అందుచే ఇచట 50 కిలోలు తూగు మనిషి అచట 41 కిలోల బరువును మాత్రమే మోయుచున్నట్లు భావించును. దాని సంవత్సరము, అనగా నక్షత్రమును ఒకమారు చుట్టివచ్చు కాలము, 6.1 దినములు. మన లెక్కన అరువదియేండ్ల వృద్ధుడు ఆ లెక్కన మూడువేల అయిదువందల ఏండ్లు దాటినవాడగును.

ఇంత చేరువగా తిరుగు గ్రహమును నక్షత్రాకర్షణ క్రమక్రమముగా కట్టివేయును. మన చంద్రుడు భూమికి కట్టుబడినట్లే, ‘ఇ’ గ్రహము ఒకే ముఖమును నక్షత్రమునకు చూపుచు తిరుగుచుండునని శాస్త్రజ్ఞుల బలమైన అభిప్రాయము. ఆలయమున ప్రదక్షిణము చేయు భక్తుని కుడిభుజము ఎల్లప్పుడు గర్భాలయమువైపే యుండును. అయినను ఒక ప్రదక్షిణము ముగియులోపల అతని ముఖము నాలుగు దిక్కులకును ఒక్కొక్కమారు తిరిగియుండును. గ్రహమును అట్లే ఒక పరిభ్రమణములో ఒక ఆత్మభ్రమణము పూర్తిచేయును. ఫలితముగా ఒక అర్ధగోళమున నిత్యదివసము, రెండవదానియందు నిత్యరాత్రి, రెంటినడుమ గ్రహమంతటిని చుట్టి ఎడతెగని సంధ్య.

అచట వాయుమండలమున్నచో వాతావరణమెట్లుండునో గణనలవలన కొంత ఊహింపవచ్చును. సూర్యుడు నడినెత్తిన నిలిచిన తావున వేడెక్కిన గాలి నిరంతరము పైకెగసి దట్టమైన మేఘములను కూర్చును. అచట వాన వెలియుట అరుదు. పైకి పోయిన గాలి చీకటివైపునకు మరలి, చల్లబడి దిగి, నేలబారున వెలుగువైపునకు తిరిగివచ్చును. కాబట్టి సంధ్యాసీమలో నిలిచినవానికి శీతలవాయువు ఏ కాలమునందైనను చీకటి దిక్కునుండియే వీచును. మంచు మన సూర్యకాంతిని మిక్కిలిగా వెనుకకు త్రిప్పికొట్టును. కాని పరారుణ కిరణములను అంతగా త్రిప్పికొట్టదు గనుక, అరుణ కుబ్జతార వెలుగులో మంచు సులభముగా కరుగును. చీకటి అర్ధగోళమున పేరుకొన్న హిమానీనదములు సంధ్యాసీమవరకు జారివచ్చి, అచట కరిగి, నదులై వెలుగువైపునకు పారవచ్చును. ఋతువులు లేవు. విత్తుటకు ఒక కార్తె, కోయుటకు ఒక కార్తె లేవు. రోహిణి ఎండలు లేవు, మృగశిర చిరుజల్లులు లేవు. కాలమును చెప్పవలసిన సూర్యుడు అచట కాలమును చెప్పడు.

అయినచో అచటివారికి కాలమును ఎవరు చెప్పుదురు? ఇరుగుపొరుగు గ్రహములే చెప్పును. ఈ సప్తగ్రహకుటుంబముయొక్క పరమవిశేషము ఇచటనే యున్నది. వాని పరిభ్రమణములు విడివిడిగా సాగక ఒక తాళమునకు లోబడి సాగుచున్నవి. హెచ్ రెండుమార్లు తిరుగునంతలో జి మూడుమార్లు, ఎఫ్ నాలుగుమార్లు, ఇ ఆరుమార్లు, డి తొమ్మిదిమార్లు, సి పదునైదుమార్లు, బి ఇరువదినాలుగుమార్లు దాదాపుగా తిరుగును. ఈ లయను స్వరములుగా మార్చి వినిపించిన శాస్త్రజ్ఞులు కలరు. ‘ఇ’ నుండి చూచువానికి ఈ సంఖ్యల తీసివేతయే పంచాంగము. బి ఇరువదినాలుగు చుట్లలో ‘ఇ’ యొక్క ఆరు చుట్లను తీసివేయగా పదునెనిమిది. అనగా ఆ కాలములో బి పదునెనిమిదిమార్లు ‘ఇ’ని దాటిపోవును. సి తొమ్మిదిమార్లు, డి మూడుమార్లు దాటిపోవును. వెలుపలనున్న ఎఫ్‌ను ‘ఇ’ రెండుమార్లు, జి ని మూడుమార్లు, హెచ్‌ను నాలుగుమార్లు దాటును. ఈ కూర్పంతయు మరల మొదటికి వచ్చుటకు పట్టుకాలము మన లెక్కన సుమారు 36 దినములు. బి రెండు దినములకొకమారు, సి నాలుగింటికి, డి పండ్రెండింటికి, హెచ్ తొమ్మిదింటికి, జి పండ్రెండింటికి, ఎఫ్ పదునెనిమిదింటికి వచ్చి పలుకరించిపోవును. చంద్రుడు లేకున్నను ఇట్టి క్రమబద్ధమైన ఆకాశము లభించిన ప్రాణి లెక్కలు నేర్వకుండ బ్రతుకజాలదు.

ఇచటినుండి చెప్పబోవునది కల్పన. కాని దాని ఎముకలు లెక్కలవే. ఆ లోకమున మూడు జనపదములను ఊహింతము: వెలుగుసీమ, సంధ్యాసీమ, చీకటిసీమ.

వెలుగుసీమవారు నక్షత్రములనెరుగరు. సూర్యుడు సరిగా నడినెత్తిననుండు ప్రదేశమున మేఘములు విడువవు గనుక, ఆ తావు వారికి దేవుడు తెరచాటున కొలువుండు క్షేత్రమగును. అచటినుండి కొన్ని దినముల ప్రయాణము దూరముగా జరిగినవారికే బింబదర్శనము కలుగును. ఆ బింబముమీదుగా నల్లని వృత్తములు నడచిపోవుచుండును. లోపలి మూడు గ్రహములును దాదాపు ఒకే తలమున తిరుగుచుండుటచే, ‘ఇ’ని దాటిపోవునపుడెల్ల అవి సూర్యబింబమునకు అడ్డముగా కనబడును. బి బింబవ్యాసములో ఏడవవంతు, డి నాలుగవవంతు. ఏ ఒక్కటియు బింబమును పూర్తిగా కప్పజాలదు. మన భూమిమీదనుండి చంద్రబింబమును సూర్యబింబమును ఇంచుమించు ఒకే పరిమాణమున కనబడుట యాదృచ్ఛికము; ఆ యాదృచ్ఛికమువలననే మనకు సంపూర్ణ సూర్యగ్రహణమును, సూర్యుని మ్రింగు రాహువును లభించిరి. అచటి రాహువు మ్రింగడు, బాటసారివలె దాటిపోవును. కావున వెలుగుసీమ గాథలలో భయము తక్కువ, లెక్క ఎక్కువ. రెండు దినములకొకమారు వచ్చు చిన్నవాడు వార్తాహరుడు. వాడు ఆరుమార్లు వచ్చిపోవునప్పటికి ఒకమారు వచ్చు పెద్దవాడు రాజు. తల్లి బిడ్డతో, పెద్దవాడు మూడుమార్లు వచ్చిన పిదప నీ తండ్రి ఇల్లు చేరునని చెప్పినచో, ముప్పదియారు దినముల ఎడబాటు ఆ ఒక్క వాక్యమున ఇమిడిపోవును.

అచట సూర్యుడు కాలమును చెప్పకున్నను స్థలమును చెప్పును. చీకటివైపునకు నడచుకొలది సూర్యుడు దిగును, నిలిచినచో నిలుచును, మరలినచో ఎక్కును. మన పల్లెలలో ప్రొద్దు ఎంత ఎక్కినదని అడిగినచో వేళ తెలియును. అచట అదే ప్రశ్నకు ఊరు తెలియును. ‘నేను నడచినచో క్రుంగును, నేను నిలిచినచో నిలుచును, నేను తిరిగివచ్చినచో లేచును, వాడెవడు?’ అను పొడుపుకథ ఆ దేశమున పసిపిల్లలకు కూడ తెలిసియుండును. మనకు అది విప్పరాని చిక్కు. వారికి అది కంటియెదుటి సూర్యుడు. మృతులు పైలోకమునకు పోవుదురని వారు తలంపరు; సూర్యుడు దిగిపోవు దిక్కునకు నడచిపోవుదురని తలంతురు.

సంధ్యాసీమవారి భాగ్యము వేరు. అచట సూర్యుడు దిఙ్మండలముపై సగము మునిగి సగము తేలి యుండును. గ్రహకక్ష్య సంపూర్ణ వృత్తము కాక అతిస్వల్పముగా అండాకారమైనచో, ఆ బింబము ఆరు దినములకొకమారు కొంచెము లేచి కొంచెము క్రుంగుచుండును. వెలుగుసీమవారికి కానరాని సంవత్సరము ఆ సన్నని సీమవారికి సూర్యుని ఊపిరిగా తెలియును. డి గ్రహము సూర్యునినుండి 50 డిగ్రీలకు మించి తొలగజాలదు గనుక, మన వేగుచుక్కవలె అది సూర్యుని చెంతనుండి లేచి, ఆకసమున సగమునకు పైగా ఎగబ్రాకి, మరల దిగిపోవును. ఇంటినుండి పారిపోవజూచి ప్రతిమారును మనసురాక మరలివచ్చు కుమారుని కథ దానినుండి పుట్టకుండునా? నీరు చీకటినుండి వచ్చును, వెచ్చదనము వెలుగునుండి వచ్చును. బ్రతుకుటకు రెండును కావలెను. కాబట్టి వెలుగు మంచికిని చీకటి చెడుకును గుర్తులని మనము అనాదిగా అనుకొనుమాట సంధ్యాసీమలో చెల్లదు. చీకటి వారికి తల్లి. మంచుకొండలను పేర్చి నదులనిచ్చునది ఆమెయే. వెలుగు తండ్రి; ఒక్కొక్కపుడు ఆగ్రహించువాడు. ఏలయన ట్రాపిస్టు-1 వంటి తారలు అప్పుడప్పుడు హఠాత్తుగా ప్రజ్వలించి అతినీలలోహిత కిరణములను చిమ్మును. 2016, 2017 సంవత్సరములలో కెప్లర్ అంతరిక్ష దూరదర్శిని ఆ తారను రెండున్నర మాసములకు పైగా పరిశీలించినపుడు ఇట్టి జ్వాలలు పలుమార్లు కానవచ్చినవి. ముందు తెలియని ఈ ప్రజ్వలనము ఒక్కటే అచటి ఆకాశమున లెక్కకు అందని సంఘటన. కనుక వ్రతములు, మ్రొక్కుబడులు, శాంతులు ఆ జాతులలో గ్రహములకు గాక ఆ జ్వాలకే జరుగును. లెక్కకు అందినదానికి పంచాంగము, అందనిదానికి ప్రార్థన, ఇది ఏ లోకమునకైనను చెల్లు సూత్రమని నా నమ్మకము.

చీకటిసీమలో జనులు స్థిరముగా నివసింపజాలకపోవచ్చును. అచటికి పోయివచ్చిన సాహసికుల కథలే మిగులును. చీకటిలో అడుగిడిన తొలి యాత్రికుడు చూచునది నక్షత్రములు. అంతకుముందు తన జాతిలో ఎవరును చూడనివి, పేరులేనివి. అవి ఆరు దినములకొకమారు ఆకాశమును చుట్టివచ్చును. పదునెనిమిది దినములకొకమారు ఎఫ్ గ్రహము సూర్యునికి సరిగా ఎదుటిదిక్కున నిలిచి, మన పూర్ణచంద్రునంత బింబముతో, అంతకంటె మసకయైన రాగివన్నె కాంతితో వెలుగును. వెలుగుసీమవారు దానిని పూర్ణబింబముగా ఎన్నడును చూడజాలరు. డి గ్రహము సూర్యుని దాటుటను చీకటిసీమ యాత్రికుడు చూడజాలడు. కెప్లర్ చంద్రలోకమున కల్పించిన రెండు జాతుల భేదము ఇచట మరల ప్రత్యక్షమగుచున్నది.

ఈ భేదమునుండి ఒక రసవత్తరమైన కలహము పుట్టును. గ్రహముల కూర్పు మరల మొదటికి వచ్చు వెలుగుసీమవారి మహావృత్తము 36 దినములు. చుక్కలను లెక్కించువారి ఆరు సంవత్సరములు 36 దినములకు మరి పదునాలుగు గంటలకు పైగా. మొదటిదియు సరిగా 36 కాదు, మూడుగంటలకు పైచిలుకు అధికము. తీసివేయగా తేడా ఇంచుమించు పదకొండు గంటలు. పదమూడు మహావృత్తములు గడచునప్పటికి డెబ్బదియెనిమిది సంవత్సరములు కావలసియుండగా డెబ్బదియేడే యగును. చాంద్రమానమును సౌరమానముతో సరిపుచ్చుటకు మన పూర్వులు అధికమాసమును చేర్చినట్లు, అచటి గణకులు లోపించిన ఆ సంవత్సరమును ఎవరు అపహరించిరో చెప్పవలసివచ్చును. దొంగిలింపబడిన సంవత్సరము! ఆ లోకమున ఇతిహాసమనదగిన మహాకథ ఒకటి యున్నచో అది దీనినుండియే పుట్టవలెను.

ఆ యాత్రికుడు చూచు అసంఖ్యాక తారలలో, మనము సింహరాశియని పిలుచు దిక్కున, కన్నుచికిలించి చూచిననే కానవచ్చు మసకచుక్క యొకటి యుండును. అది మన సూర్యుడు. దానికి వారు ప్రత్యేకముగా పేరు పెట్టియుండుటకు కారణమేదియు లేదు. అటుపోవుటకు మనకును దారి లేదు; మానవుడు నిర్మించిన నౌకలలో మిక్కిలి దూరము చేరిన వాయేజర్-1, ఆ దిక్కునకే పోవుచున్నదనుకొన్నను, తన వేగముతో ఆ దూరమును దాటుటకు ఏడు లక్షల సంవత్సరములకు మించి పట్టును. కావున మనకు మిగిలిన యానము దూరదర్శినియు, ఊహయు మాత్రమే.

ఊహను దూరదర్శిని ఖండింపవచ్చుననుట మరువరాదు. 2021 డిసెంబరులో ఎగసిన జేమ్స్ వెబ్ దూరదర్శిని 2023లో వెలువడిన పరిశీలనలలో, లోపలి గ్రహమగు బి పగటివైపు సుమారు 230 డిగ్రీల వేడితో కాగుచున్నదనియు, దానిపై చెప్పదగిన వాయుమండలము లేదనియు తెలిపినది. సి గ్రహమునకు శుక్రునివంటి దట్టమైన వాయుమండలము లేదని తేలినది. ‘ఇ’ పై జరిపిన తొలి పరిశీలనలు 2025లో వెలువడినవి. హైడ్రోజనుతో నిండిన తేలికవాయువుల పొర దానికి ఉండుట సంభవము కాదని మాత్రము అవి సూచించినవి. బరువైన వాయువుల మండలమున్నదో, వట్టి రాతినేలయే మిగిలినదో ఇంకను నిశ్చయింపబడలేదు. నక్షత్రముపైనున్న మచ్చలు కాంతిని కలుషితము చేయుటచే ఆ నిర్ణయము కష్టసాధ్యమైనది. పైగా ఇట్టి తారలు తమ బాల్యమున ఇప్పటికంటె ఎంతో తీవ్రముగా వెలుగును గనుక, గ్రహము పుట్టినపుడున్న నీరు ఆనాడే ఆవిరియై పోయియుండవచ్చును. రేపు అచట గాలియే లేదని తేలినచో, నల్లని ఆకులు, సంధ్యాసీమ నదులు, పొడుపుకథలు చెప్పు పిల్లలు అన్నియు ఒక్కపెట్టున తుడిచిపెట్టుకొనిపోవును.

అంతమాత్రమున ఈ శ్రమ వ్యర్థమగునా? కెప్లర్ ఊహించిన చంద్రలోకవాసులు లేరు. వారి పట్టణములు లేవు, వారి జాతిభేదములు లేవు. కాని చంద్రతలమునుండి చూచినపుడు భూమి ఆకాశమున ఒకేచోట వ్రేలాడుచుండునని ఆయన లెక్కవేసి చెప్పినమాట, 1969లో మానవుడు అచట కాలుమోపినపుడు, ఆయన చెప్పినట్లే నిలిచినది. కల్పనలో లెక్కపై నిలిచిన భాగము మిగిలినది; తక్కినది రాలిపోయినది. ‘ఇ’ గ్రహముపై ప్రాణి యున్నను లేకున్నను, అచటి నల్లని బాటసారులు సూర్యబింబమును రెండింటికి, నాలుగింటికి, పండ్రెండింటికి దాటుచునే యుందురు. ముప్పదియారు దినముల వృత్తము తిరుగుచునే యుండును. సంవత్సరమొకటి దొంగిలింపబడుచునే యుండును.

కనుక ఈ విధమైన ఊహను మన పాఠశాలలలోనికి తీసికొనిరావలెనని నా విన్నపము. గ్రహగతి సూత్రములను వల్లెవేయించుటకు మారుగా, ఈ గ్రహముపై నిలిచిన పిల్లవానికి పండుగ ఎప్పుడు వచ్చునో లెక్కగట్టుమని, ఆ పండుగకొక కథ కట్టుమని విద్యార్థినడిగినచో, అతడు గణితమును, భాషను ఒకేమారు అభ్యసించును. అంతకుముందు అతనికి తన ఆకాశము తెలిసియుండవలెను. కృత్తికలను పిల్లలకోడియని పిలిచిన పల్లెజనుల పేర్లు, కార్తెల వరుస, పుష్కరముల క్రమము, ఇవి పట్టణదీపముల వెలుగులో చుక్కలతోపాటు మరుగున పడుచున్నవి. వానిని పెద్దలనడిగి వ్రాసికొనుటయు, ప్రతిదాని వెనుకనున్న లెక్కను వెదకి చూచుటయు చేసినవాడే పరలోకపు కథను నమ్మదగినట్లు కల్పింపగలడు. ఏలయన కథకును గణితమునకును గల బంధుత్వమును వాడు తన ఇంటనే నేర్చియుండును.